ముల్లు ఎంతదాకా వెళ్ళింది

మా ఆయన ఒక్క ఊపిరిలో ముప్పై దాకా లెక్కపెట్టారని నర్సమ్మ సంతోషంగా చెప్పినప్పుడు నాకు ఆ ముప్పై మీద నమ్మకం కలగలేదు.

అంకెల మీద నాకు అంత తొందరగా నమ్మకం కలగదు. బడిలో నేర్చుకున్నది కూడికలూ తీసివేతలే. మిగతాదంతా నాకు నేనుగా పట్టుకున్నది. ఒక కొమ్మ కాపు చూసి చెట్టు కాపు కట్టడం, పది చెట్లు చూసి తోట కాపు కట్టడం, ఎండకు ఎంత రాలుతుందో గాలికి ఎంత పోతుందో తీసేసి మిగిలింది చెప్పడం. ఆగిరిపల్లి నుంచీ రెడ్డిగూడెం నుంచీ తోటలు పాటకు తీసుకునేవాళ్ళు మా ఇంటికొచ్చి, "ఒకసారి చూసి చెప్పమ్మా" అనేవాళ్ళు. ఎవరైనా ఒక అంకె చెబితే, అది ఎంత అని కాక ఎలా వచ్చింది అని అడగడం నాకు అలా అలవాటైంది.

అది ఎనభైల చివర, మామిడి పూత మీద ఉన్న రోజులు. తేనెమంచు పడితే పూత నల్లబడి రాలిపోతుంది కాబట్టి అందరూ ఒక్కసారే మందు కొట్టిస్తారు. మా ఆయన కాయల కాలంలో కాయ లెక్కపెట్టేవారు, పూత కాలంలో మనుషుల్ని పెట్టుకుని మందు కొట్టించేవారు. ఆ రోజు మధ్యాహ్నం ఆయన్ని ఎడ్లబండి మీద వేసి నూజివీడులో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకొచ్చారు. నోట్లోంచి చొంగ, ఒళ్ళంతా చెమట, కంటిపాప ఆవగింజంత. నోటి దగ్గర మందు వాసన.

ఆ వాసన వల్లే అందరికీ అనుమానం వచ్చింది. ఒంటి మీద పడినవాడికి ఒళ్ళు వాసన రావాలి కానీ నోరెందుకు వాసన రావాలి? కానిస్టేబులు వచ్చి అడిగాడు. మా ఆయన కళ్ళు మూసుకుని, "పని చేస్తుంటే పడింది" అన్నారు. ఇంకేమీ చెప్పలేదు.

మా ఆడపడుచు, అంటే ఆయన అక్క, కబురు అందగానే బాపులపాడు నుంచి బస్సెక్కి వచ్చింది. వచ్చీ రాగానే వరండాలో నన్ను పట్టుకుంది.

"ఏమన్నావే వాణ్ణి?"

"ఏమీ అనలేదు వదినా."

"ఏమీ అనకుండానే తాగాడా? నలుగురిలో వాడి లెక్క తప్పన్నావంట కదా. ఊరంతా చెప్పుకుంటున్నారు."

అన్న మాట నిజమే. పొద్దున తోట యజమాని ముందు ఆయన పది చెట్లకు పిచికారీకి ఇంత మందు కలపాలన్నారు, నేను అంత అక్కర్లేదన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది. లెక్క తప్పే. ఇప్పుడడిగినా తప్పనే చెబుతాను. కానీ ఆ ముఖం నాకూ గుర్తుంది. అందుకని వదినకి ఎదురు చెప్పలేకపోయాను. ఆయన తాగారేమో అని ఆమె కంటే ముందు అనుకున్నది నేనే.

సూదిమందులు ఎక్కించారు. తెల్లారేసరికి చొంగ ఆగింది, కళ్ళు తెరిచారు, కాఫీ అడిగారు. వదిన మొక్కులు మొక్కుకుంది. డాక్టరుగారు మాత్రం ఇంటికి పంపలేదు. ఆయన యాభై దాటిన మనిషి, గుడ్లవల్లేరు వైపు మాట, మెల్లగా మాట్లాడతారు. నన్ను పిలిచి కూర్చోబెట్టి చెప్పారు.

"ఈ మందుతో ఒక తిరకాసు ఉందమ్మా. మొదటి గండం గడిచిపోయాక, అంతా బాగుందనుకున్నాక, రెండు మూడు రోజులకి కొందరికి కండరాలు పట్టు తప్పుతాయి. ముందు మెడ. తర్వాత ఊపిరి లాగే కండరాలు."

"ఊపిరితిత్తులు పాడవుతాయాండీ?"

"ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి. కమ్మరి కొలిమి చూశావు కదా. తిత్తి బాగానే ఉంటుంది. దాన్ని ఊదే చెయ్యి పడిపోతుంది. అందుకని ఆ చేతికి బలం ఎంత ఉందో రోజూ చూస్తుండాలి."

చూసే పద్ధతి నాకు నచ్చింది. గుండెల నిండా గాలి పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా ఒకటి నుంచి పైకి లెక్కపెడుతూ పోవాలి. ఎంతదాకా వెళితే అంత బలం. మందూ మాకూ అక్కర్లేదు, అంకెలొస్తే చాలు. పొద్దునొకసారి, సాయంత్రం ఒకసారి నర్సమ్మ ఆయన మంచం దగ్గర నిలబడి లెక్క పెట్టించేది.

మొదటి రోజు ఇరవై దాటింది. రెండో రోజు ముప్పై. నర్సమ్మ సంతోషపడింది అప్పుడే.

నాకు నమ్మకం కలగకపోవడానికి కారణం ఆ పొద్దున్నే కనిపించింది. తల దువ్వుదామని, "కాస్త తల ఎత్తండి" అన్నాను. ఎత్తలేదు. "ఎత్తుతున్నాను కదే" అన్నారు. తల దిండు మీదే ఉంది. మెడ కింద చెయ్యి పెట్టి లేపితే తల నా చేతిలో పనసకాయలా బరువుగా వాలింది. మాట కూడా ముక్కుతో అంటున్నట్టుంది. తల ఎత్తలేని మనిషికి ఊపిరి నిన్నటి కంటే ఎలా పెరుగుతుంది? రెండు లెక్కలు ఒకే చెట్టువైతే, ఒకటి పెరిగి ఇంకొకటి తరగడం ఏంటి?

సాయంత్రం నర్సమ్మ లెక్క పెట్టించేటప్పుడు నేను కూడా మంచం పక్కన నిలబడ్డాను.

"లాభమూ..." అని మొదలుపెట్టారు ఆయన. "రెండూ... మూడూ... నాలుగూ..."

మా తోటల్లో కాయ లెక్కపెట్టేవాళ్ళు ఒకటి అనరు. మొదటిది లాభమే. చేతికి రెండేసి కాయలు పట్టుకుని గంపలో వేస్తూ అంకెని రాగం తీస్తారు. రాగం ఉంటేనే చెయ్యి తడబడదు, పక్కన తప్పులు పట్టేవాడికీ వినపడుతుంది. మా ఆయన గొంతుకి తోటలో పేరుండేది. ఒక లారీ నిండేదాకా ఎక్కడా తెగకుండా పాడేవారు. ఆయన పక్కన కూర్చుని సరిచూసింది నేనే కాబట్టి నాకు తెలుసు: ఆ పాట ఒక్క ఊపిరి పాట కాదు. రాగం చివర, 'ఊ' దగ్గర, నోరు అలాగే ఉంచి ముక్కుతో చిటికెడు గాలి లాక్కుంటారు. వినేవాడికి తెలియదు. లాక్కునేవాడికి కూడా తెలియదు. చెడుగుడు ఆడేవాడు కూత మధ్యలో ఊపిరి దొంగిలించినట్టే, కాకపోతే ఇందులో దొంగతనమని ఎవరూ అనుకోరు.

ముప్పై రెండు దగ్గర ఆపారు. నర్సమ్మ రాసుకోబోతుంటే, డాక్టరుగారు గుమ్మంలోంచే అన్నారు.

"రాయకు సిస్టర్. మళ్ళీ పెట్టించు."

నేను ఆయన వైపు తిరిగి, "ఈయన పాడుతున్నారండి" అన్నాను.

"పాడనీ. నాకు కావాల్సింది తొందరగా చెప్పడం. నాకూ పొద్దుటి నుంచి అనుమానంగానే ఉందమ్మా, తల ఎత్తలేనివాడు ముప్పై ఎలా లెక్కపెడతాడని." దగ్గరికొచ్చి మా ఆయన పొట్ట మీద ఒక అరచెయ్యి పెట్టారు, ఇంకో చేత్తో ముక్కు పట్టుకున్నారు. "ఇప్పుడు చెప్పవయ్యా. రాగాలొద్దు. టకటకా చెప్పు."

"లాభం రెండు మూడు నాలుగు ఐదు ఆరు..."

తొమ్మిది దగ్గర ఆయన నోరు కదిలింది, మాట రాలేదు.

వదిన ఒక్కసారి నా చెయ్యి పట్టుకుంది. నేను అనుకున్నది నిజమైనందుకు నాకు సంతోషం కలగలేదు. అనుమానం నిజమైతే సంతోషించేవాళ్ళు ఉంటారంటారు. వాళ్ళలో నేనైతే లేను.

డాక్టరుగారు తన గదిలోంచి ఒక పెట్టె తెచ్చారు. అందులో గోడగడియారం పిల్లలా ఒక ముల్లు మీటరు, దానికి రబ్బరు గొట్టం, చివర నోట్లో పెట్టుకునే ప్లాస్టిక్ ముక్క. గాలంతా వదిలేసి, పెదాలు బిగించి, లోపలికి లాగాలి. గాలి మాత్రం రాదు. మూసేసిన తలుపుని లాగినట్టు లాగాలి. ఎంత గట్టిగా లాగితే ముల్లు అంత వెనక్కి తిరుగుతుంది. ఆ ప్లాస్టిక్ ముక్కకి పక్కన సూది మొనంత బెజ్జం ఉంది.

"ఇది చిల్లు పడిందండీ" అన్నాను.

"పడలేదు, పెట్టారు. చిల్లు లేకపోతే కొందరు బుగ్గలతో పీలుస్తారు, పుల్ల ఐసు పీల్చినట్టు. ముల్లు తిరుగుతుంది, ఊపిరి కండరం కదలదు. ఈ చిల్లు ఉంటే బుగ్గల బలం అక్కడే కారిపోతుంది."

ఆ మాట విన్నాక ఆ మీటరంటే నాకు గౌరవం కలిగింది. దాన్ని చేసినవాడు కూడా మనుషుల్ని నమ్మనివాడే.

ముందు డాక్టరుగారు తనే లాగి చూపించారు. ముల్లు తొంభై దాటింది. నన్ను కూడా లాగమన్నారు, మా ఆయనకి చూసి తెలుస్తుందని. మొదటిసారి నలభై వచ్చింది. రెండోసారి యాభై ఐదు. మూడోసారికి ఎలా లాగాలో అర్థమై అరవై ఐదు దాటింది. అంటే నా మొదటి నలభై నా బలం కాదు, నా తెలియనితనం. అప్పుడే నాకు ఆ మీటరు గుణం తెలిసింది. లేని బలాన్ని అది చూపించలేదు. ఉన్న బలాన్ని మాత్రం దాచగలదు, మనిషి లాగకపోతే. పెద్ద అంకె వస్తే కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. చిన్న అంకె వస్తేనే, ఇది కండరం లేకపోవడమా, మనసు లేకపోవడమా అని అడగాలి.

మా ఆయనకి ఇరవై రెండు వచ్చింది. తర్వాత ఇరవై ఐదు. తర్వాత పద్దెనిమిది.

"లాగట్లేదు వాడు" అంది వదిన గోడకి ఆనుకుని. గొంతు తగ్గించి నాకు మాత్రమే చెప్పింది. "వాడికి ఇష్టం లేదే. ఉంటే అట్లా ఉంటాడా?"

నా కడుపులో ఉన్న మాటే ఆమె నోట్లోంచి వచ్చింది. డాక్టరుగారు అడ్డుపడకపోతే ముప్పై రెండు చూపించి ఇంటికి వెళ్ళిపోయేవారు. ఎందుకు వెళ్ళాలనుకున్నారు? పూత ఆగదని అన్నారు పొద్దున. పూత కోసమేనా? ఇప్పుడు మీటరు దగ్గర ముల్లు తిరగట్లేదు. తిప్పలేకపోతున్నారా, తిప్పట్లేదా?

మంచం దగ్గరికి వెళ్ళి అన్నాను. "గట్టిగా లాగండి."

"లాగుతున్నా."

"నేనే అరవై లాగాను."

"అయితే నువ్వే పడుకో ఇక్కడ" అన్నారు. ఆ నాలుగు మాటలకి రెండుసార్లు ఆగారు.

డాక్టరుగారు మంచం తల వైపు దించి ఆయన్ని వెల్లకిలా పడుకోబెట్టారు. చొక్కా పైకి తీసి నన్ను దగ్గరికి పిలిచారు.

"మామూలు మనిషి ఊపిరి పీలిస్తే పొట్ట పైకి లేస్తుంది. ఈయనది చూడు."

ఆయన పీల్చినప్పుడు రొమ్ము లేచింది, పొట్ట లోపలికి పోయింది. వదిలినప్పుడు పొట్ట పైకొచ్చింది. అంతా తలకిందులుగా ఉంది. ఆయన ముఖం వైపు చూశాను. ఆయన నా వైపు చూడట్లేదు, పైన ఫ్యాను వైపు చూస్తున్నారు, నీళ్ళలోంచి పైకి రావాలనుకునేవాడిలా. మెడ పక్కన నరాలు పగ్గాల్లా లేచాయి.

"ఇది కావాలని చేయడం రాదమ్మా" అన్నారు డాక్టరుగారు.

"మరి మూడోసారి ఎందుకు తగ్గిందండీ? తెలిసేకొద్దీ పెరగాలి కదా, నాకు పెరిగినట్టు."

డాక్టరుగారు మంచం తల మళ్ళీ ఎత్తించారు. "అలసిపోయినా తగ్గుతుంది. విసుగొచ్చినా తగ్గుతుంది. ఆ రెండింటికీ ముల్లు ఒకేచోట ఆగుతుంది. నాకు తెలియదు. తెలుసుకునేదాకా కూర్చోను. ఇది అబద్ధమైతే కారు పెట్రోలు పోతుంది. నిజమైతే మనిషి పోతాడు. పదండి బెజవాడ."

అంబాసిడర్ కారు వెనక సీట్లో ఆయన్ని నిలువుగా కూర్చోబెట్టి, ఒక పక్క నేను, ఒక పక్క నర్సమ్మ. ఆమె ఒళ్ళో రబ్బరు బుడ్డి లాంటిది ఉంది, ఊపిరి ఆగితే నోటి మీద పెట్టి నొక్కడానికి. ఆగిరిపల్లి దాకా ఆమె దాన్ని ముట్టుకోలేదు. అది దాటాక ఒకసారి ఆయన ముఖం చూసింది, బుడ్డి పైకి తీసింది, ఇక దించలేదు. ఎదర సీట్లో వదిన వెనక్కి తిరగకుండా కూర్చుంది. నేను ఆయన రొమ్ము మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాను. అది లేస్తోందో, కారు కుదుపుకి నా చెయ్యే లేస్తోందో తెలియక పళ్ళు బిగపట్టుకున్నాను.

బెజవాడలో ఒక పెద్ద ఆసుపత్రిలో గొంతులోకి గొట్టం వేసి మిషను తగిలించారు. మిషను ఊదితే రొమ్ము లేస్తుంది, ఆపితే దిగుతుంది. చూడటానికి ఎంతో హాయిగా ఉండేది. దాన్ని కూడా నేను నమ్మలేదు. అది ఆయన ఊపిరి కాదు కదా.

అక్కడ కూడా అలాంటి ముల్లు మీటరే. గొట్టానికే నేరుగా తగిలించేవారు. నోరు లేదు, బుగ్గలు లేవు, పాట లేదు. మొదట్లో ముల్లు పది దగ్గర వణికేది. అక్కడి చిన్న డాక్టరు, ఇరవై అయిదేళ్ళ కుర్రాడు, ఒకరోజు మీటరు తీసేస్తూ నాతో అన్నాడు.

"మందు తాగిన కేసులు ఇంతేనండి. కోఆపరేట్ చేయరు."

"తాగారని ఎవరన్నారు బాబూ?"

"కాగితంలో అలాగే ఉంది."

నాకు కోపం వచ్చింది. నేను అనుకుంటే పర్లేదు, అతను అనకూడదు. వదిన పక్కనే ఉంది. ఆమె కూడా, "మా వాడు అలాంటోడు కాదయ్యా" అంది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

అతను వెళ్ళాక మంచం పక్కన కూర్చున్నాను. గొట్టం ఉన్నంతసేపు ఆయన మాట్లాడలేరు. ఆ మాట్లాడలేకపోవడం నాకు అవకాశమైంది, నలభై ఏళ్ళ వయసు దాటిన మొగుడూ పెళ్ళాల మధ్య అలాంటి అవకాశాలు తక్కువ.

"ఇదిగో వినండి. ఆ కుర్రాడు మీరు లాగట్లేదంటున్నాడు. మీ అక్క కూడా అదే అనుకుంటోంది. నేనేం అనుకుంటున్నానో నాకే తెలియదు. మందు లెక్క మీరు తప్పు చెప్పారు, నేను అందరిలో అన్నాను. అది ఇప్పటికీ తప్పే. దానికి కోపం ఉంటే ఇంటికొచ్చి తిట్టండి. ఇక్కడ ముల్లు మీద చూపించొద్దు."

ఆయన నన్ను చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉంది. అది ఏడుపు చూపు కాదు. పక్కా కోపం. తోటలో కుర్రాళ్ళు కాయని కింద పడేస్తే చూసే చూపు. ఆ కోపం చూసి నాకు కొంచెం ధైర్యం వచ్చింది కానీ, కోపం అంకె కాదు.

తర్వాత రోజులు ముల్లు ఇరవై, ఇరవై ఐదు, మళ్ళీ ఇరవై దగ్గర తచ్చాడింది. తల దిండు మీంచి కొంచెం లేవడం మొదలైంది. ఒక పొద్దున చిన్న డాక్టరు మీటరు తగిలించి, "లాగండి, లాగండి" అని అలవాటుగా అంటున్నాడు. ముల్లు ముప్పై దాటింది. నలభై దాటింది. నలభై ఎనిమిది దగ్గర ఒక్క క్షణం నిలబడింది.

కుర్రాడు మీటరుని వేలితో తట్టాడు, ఇరుక్కుందేమో అని. మళ్ళీ లాగించాడు. యాభై.

"బాగుందండి" అన్నాడు.

ఆ యాభైని ఎవరూ పాడలేదు, ఎవరూ బుగ్గలతో లాగలేదు, దయతలచి ఎవరూ వేయలేదు. ఆయన లాగారు. లాగాలనుకుంటే తప్ప ముల్లు అక్కడిదాకా వెళ్ళదు. మొదటిసారి ఒక అంకె ముందు నేను ఎలా వచ్చింది అని అడగకుండా నిలబడ్డాను.

మరునాడు గొట్టం తీశారు. గొంతు గరగరలాడుతుంటే మంచినీళ్ళు చెమ్చాతో పోశాను. సాయంత్రానికి మాట వచ్చాక ఆయనే చెప్పారు. పిచికారీ గొట్టం చివర నాజిల్‌లో చెత్త అడ్డుపడిందట. పుల్ల పెట్టి పొడిస్తే పోలేదు. నోట్లో పెట్టుకుని ఊది, ఊదితే పోకపోతే పీల్చారట. గాలికి ఎదురు నిలబడి కొట్టడం వల్ల అప్పటికే చొక్కా తడిసి ఉంది.

"ఆ మాట కానిస్టేబులుకి చెప్పొచ్చుగా" అన్నాను.

"నాజిల్ నోట్లో పెట్టుకున్నందుకు పోయినేడు ఇద్దర్ని పనిలోంచి తీసేశా. అందరి ముందూ. మళ్ళీ నేనే పెట్టుకున్నానని చెప్పమంటావా?"

వదిన నిట్టూర్చింది. "చచ్చేవాడివి కదరా, ఆ మాటకి."

"నువ్వు తాగాననుకున్నావు కదా అక్కా."

"అనుకోనా మరి? నీ పెళ్ళాం ముఖం చూసే అనుకున్నా."

నేను నమ్మానా అంటే, చాలావరకు నమ్మాను. నాజిల్ నోట్లో పెట్టుకోవడం మా వైపు అందరూ చేసేదే. పరువు కోసం దాచడం ఆయన చేసేదే. కానీ ఆలస్యంగా వచ్చిన లెక్క ఎంత సరిపోయినా, మళ్ళీ ఒకసారి కూడి చూడాలనిపిస్తుంది. అది నా గుణం. ఆ రాత్రి కూడా ఆయన నిద్రపోతుంటే పొట్ట వైపే చూస్తూ కూర్చున్నాను.

ఆసుపత్రి నుంచి పంపించిన రోజు నూజివీడు బస్సెక్కాం. వదిన హనుమాన్ జంక్షన్ వైపు బస్సులో వెళ్ళిపోయింది. గాలి కావాలని ఆయన కిటికీ పక్కన కూర్చున్నారు. కండక్టరుతో చిల్లర గురించి మాట్లాడారు, ముందు సీటు ముసలాయన్ని ఊళ్ళో పూత ఎలా ఉందని అడిగారు. ఆగిరిపల్లి దాటాక ఒక తోటలో మందు కొడుతున్నారు. చెట్ల పైన తెల్లగా పొగమంచులా లేచి, గాలి వాలున రోడ్డు మీదికి వస్తోంది. బస్సులో ఎవరూ పట్టించుకోలేదు.

మా ఆయన మాట మధ్యలో ఆపి లేచి నిలబడ్డారు. ఇంకా చేతుల్లో బలం లేదు. రెండు చేతులతో పట్టుకుని వేలాడి, మా కిటికీ షట్టరు కిందికి లాగేశారు. తర్వాత వంగి, ముందు సీటు ముసలాయన కిటికీది కూడా లాగేశారు.

"గాలి ఆడదయ్యా" అన్నాడు ముసలాయన.

"కాసేపు ఆడకపోయినా పర్లేదు" అని కూర్చుని, నా వైపు చూసి, "ఏంటే అలా చూస్తున్నావు?" అన్నారు.

"ఏం లేదు" అన్నాను.